తీపికి తోడు

ముత్యాలప్పకు ఉన్నది ఒకటే పిచ్చి. కడుపుకు ఇంత తిండి పడకుండా ఎవరైనా తీపి నోట్లో పెట్టుకుంటే చూడలేడు. ఊళ్ళో కొట్లాట జరుగుతుంటే తల వంచుకుని పక్కనుంచి వెళ్ళిపోయే మనిషే, ఉత్త కడుపుతో లడ్డు కొరికేవాడు కనిపిస్తే మాత్రం అక్కడికక్కడే ఆగిపోతాడు. వాడు చుట్టమా, పరాయివాడా, పోలీసా అని చూడడు. దగ్గరికి వెళ్ళి, చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా "ఏమప్పా, సంగటి తింటివా?" అని అడుగుతాడు. లేదన్నామా, ఆ లడ్డు మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఎందుకని అడిగితే చెప్పేదీ ఒకటే మాట. "తీపికి ఒంటిగా కడుపులోకి పోవల్లంటే భయమప్పా. తోడు కావల్ల. ముందు సంగటి పోయి ఆడ కూర్చోవల్ల. దాని పక్కన పప్పూ ఆకుకూరా కూర్చోవల్ల. అప్పుడు తీపి నింపాదిగా దిగుతాది." ఈ మాట ఆయన ఎంత గంభీరంగా చెబుతాడంటే, విన్నవాళ్ళకు తమ కడుపులో ఎవరెవరు కూర్చున్నారో ఒకసారి చూసుకోవాలనిపిస్తుంది.

ఒకసారి కదిరి బస్సులో పక్క సీటు మనిషి మైసూరుపాకు పొట్లం విప్పాడు. ముత్యాలప్ప తన సంచిలోంచి ఉడకబెట్టిన శెనక్కాయలు దోసిలితో తీసి అతని ఒళ్ళో పోశాడు. "ముందు ఇవి కానీయప్పా." ఆ మనిషి మొహమాటానికి ఒలవడం మొదలుపెట్టాడు. ఒలిచేకొద్దీ ముత్యాలప్ప పోస్తూనే ఉన్నాడు. అతను దిగాల్సిన ఊరు దాటిపోయింది గానీ శెనక్కాయలు అయిపోలేదు. ఆఖరికి ఆ మనిషి మైసూరుపాకు పొట్లం సీట్లోనే వదిలేసి, బస్సు పూర్తిగా ఆగకముందే దూకి పారిపోయాడట.

సోమందేపల్లె పెళ్ళి సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. విస్తట్లో మొట్టమొదట తీపి వడ్డించడం మన ఆచారం. ఓళిగల గంపతో, అదే బొబ్బట్ల గంపతో, వచ్చిన కుర్రాడిని ముత్యాలప్ప మధ్యలో ఆపి, "ఇవి ఆఖర్న పెట్టప్పా" అన్నాడు. "నువ్వెవురు చెప్పేకి?" అన్నాడు వాడు. "పెండ్లికొడుకు చిన్నాయనని" అన్నాడు ఈయన. చిన్నాయన మాటకు ఎదురు చెప్పలేక, వడ్డించేవాళ్ళు అన్నం, పప్పు, కూరలు, మజ్జిగ అన్నీ అయ్యాక ఓళిగలు తెచ్చారు. అప్పటికి ఏ బంతిలోనూ ఎవరికీ ఒకటి మించి తినే ఓపిక లేదు. గంపలకు గంపలు మిగిలిపోయాయి. పెళ్ళికొడుకు వైపువాళ్ళు తలలు పట్టుకున్నారు గానీ, ఓళిగలు చాలవేమోనని పొద్దున్నుంచీ బెంగపడిన పెళ్ళికూతురి తండ్రి మాత్రం ముత్యాలప్పను పక్కకు తీసుకెళ్ళి కౌగిలించుకున్నాడు.

ఎన్నికలప్పుడు ఒక నాయకుడు ఎండన పడి వచ్చి, చల్లగా తియ్యగా ఏమైనా ఇమ్మని అడిగాడు. ఇస్తానని లోపల కూర్చోబెట్టాడు ముత్యాలప్ప. నాయకుడు రెండు సంగటి ముద్దలు, గిన్నెడు పప్పు, చెంబెడు మజ్జిగ దాటుకుని తీపి దగ్గరికి చేరేసరికి కళ్ళు మూతలు పడ్డాయి. బయట జీపులు హారన్లు కొడుతూనే ఉన్నాయి. ఆ పూట ఆయన ప్రచారమంతా ముత్యాలప్ప నులకమంచం మీద గురకపెట్టి చేశాడు.

అలాంటి ఇంటికి కోడలిగా వచ్చింది హేమలత. పుట్టిల్లు చిలమత్తూరు. 2003లో, మాఘమాసంలో, ముత్యాలప్ప కొడుకు తిప్పేష్‌తో పెళ్ళయి తనకల్లు దగ్గరి ఆ పల్లెకు కాపురానికి వచ్చింది. ఆ పిల్లకు ఆరా ఎక్కువ. గోడకు కొత్తగా మేకు కనిపించినా, ఎవరు కొట్టారో ఎందుకు కొట్టారో తెలిసేదాకా నిద్రపట్టదు.

గడప దాటగానే కొత్త జంటకు పాలూ పండూ ఇవ్వబోతుంటే ముత్యాలప్ప అడ్డం వచ్చాడు. "ఆ పాలల్లో చక్కెర ఉండాది. పిల్ల పొద్దున్నుంచి ఏమన్నా తినిందా?" అత్త బయమ్మ, వెంట వచ్చిన చిలమత్తూరు చుట్టాలు చూస్తుండగానే కొత్త పెళ్ళికూతురి ముందుకు సంగటి పళ్ళెం వచ్చింది. చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. నిజానికి హేమలత ఆకలితో నకనకలాడిపోతోంది. పెళ్ళి హడావిడిలో తిన్నావా అని ఎవరూ అడగలేదు. ఆ సంగతి ఈయనకెట్లా తెలిసిందబ్బా అనుకుంటూనే ముద్ద మింగింది.

ఎండాకాలం వచ్చేసరికి మామ పిచ్చి ముదిరింది. ఇంటి ముందు కొబ్బరి మట్టలతో చప్పరం వేయించాడు. ఒక మూల ఇసుక పోయించి, తడిపి, అందులో కుండలు పాతి, వాటి చుట్టూ తడి గోనెపట్టాలు చుట్టాడు. ఆ కుండల్లో చల్లబడేవన్నీ ఆయన స్వయంగా చేసిన తీపి వంటలే. రాగులు నానబెట్టి, రుబ్బి, గుడ్డలో వేసి పాలు పిండి, కాస్తంత హిందూపురం బెల్లంతో ఉడికించేవాడు. చల్లారాక అది గడ్డకట్టి, ముక్కలు కోస్తే వణికేది. ఇంకోనాడు పెరుగును గుడ్డలో మూటగట్టి వేలాడదీసి, నీరంతా కారాక మామిడిపండు గుజ్జు కలిపేవాడు. బోరులో సన్నగా వచ్చే నీళ్ళతో బతికించుకున్న పాదుల నుంచి కర్బూజాలు కోసి, ఆ ముక్కల మీద నానిన సబ్జా గింజలు వేసేవాడు. ఏది చేసినా మనిషికి చిన్న గిన్నెడే. రెండో గిన్నె అడిగితే, "ఇంగొకటి తినల్లంటే ఇంగొక ముద్ద తినల్ల" అనేవాడు.

అంతకుముందు వానాకాలంలో కూడా వాన మొహం చాటేసింది. శెనక్కాయ చెట్టు పీకితే వేళ్ళు తప్ప కాయలు లేవు. సగం ఊరు బెంగుళూరుకు కూలికి పోయింది. బడి దగ్గర గంజి కేంద్రం పెట్టారు గానీ, ఊళ్ళో రైతులు ఆ దరిదాపులకు పోయేవాళ్ళు కాదు. ముత్యాలప్పకు మాత్రం మంచి కాలంలో పాతర వేసిన రాగులున్నాయి. రాగులు ఏళ్ళ తరబడి చెడవు కాబట్టి ఆ ఇంట్లో సంగటికి కొదవ లేదు.

మధ్యాహ్నం అయ్యేసరికి చప్పరం కింద జనం చేరేవాళ్ళు. అందరికంటే ముందు వచ్చేది మారెక్క. వీధి చివర ఒంటరిగా ఉంటుంది. గొర్రెలే ఆమె సంసారం. మేత లేక ఆ ఎండాకాలం వాటిని అమ్మేసింది. గొర్రెలు పోయినా వాటిని అదిలించిన గొంతు మాత్రం పోలేదు. గంజి కేంద్రానికి పోరాదా అని ఒకాయన సలహా ఇస్తే, "గిన్నె పట్టుకొని వరసలో నిలబడే కాలం నాకు రాలేదు. నీకొచ్చింటే నువ్వు పో" అంది. ఆమె వెనక ఆంజినప్ప వచ్చేవాడు. బోరు ఎండి, పంట ఎండి, ఆయన మీసం ఒక్కటే పచ్చగా ఉంది.

రోజూ ఒకటే గొడవ.

"వచ్చినామన్నా, నీ పీడ భరించేకి. ఈ పొద్దు ఏం తీపి?" అనేది మారెక్క.

"చెప్తా, కూర్చో. ముందు సంగటి."

"నేను ఇంట్లో కడుపు నిండా తినే వచ్చినా."

"అది నీ ఇంటి తిండి. నా తీపికి నా సంగటే తోడు పోవల్ల."

"ముద్ద ఇంత పెద్దదా! మనిషికా, దున్నపోతుకా?"

"సగం తీసేద్దునా?"

"ఏసినావు కదా, ఉండనీ. ఎట్లయినా నీతో వేగల్ల."

ఆకుకూర పప్పు, ఊరుబిండి పచ్చడి, ఉడికిన అలసందలు, పక్కన ఉల్లిపాయ, ఆఖర్న మజ్జిగ. ముత్యాలప్ప కళ్ళద్దాలు పెట్టుకుని పళ్ళేలన్నీ వంగి వంగి చూసేవాడు. "ఆంజినప్పా, అలసందలు అట్లనే ఉండాయి" అనేవాడు. ఆంజినప్ప మీసం వణికించుకుంటూ అలసందలు నోట్లో పోసుకునేవాడు. అన్నీ ఖాళీ అయ్యాకే కుండ మూత తీసేవాడు. జనం తీపి తిని, మూతి తుడుచుకుని, ముత్యాలప్పను నాలుగు మాటలని వెళ్ళిపోయేవాళ్ళు. మళ్ళీ మర్నాడు వచ్చేవాళ్ళు.

లోపల సంగటి గెలికి గెలికి హేమలత చేతులు పడిపోయేవి. అంతకంటే ఎక్కువగా ఆమెకు ఆ జనం మీద జాలి. పాపం, చిన్న గిన్నెడు తీపి కోసం ఇంత హింసా! "మీ నాయనకు ఏంటికి ఈ పిచ్చి?" అని మొగుణ్ణి అడిగింది. తిప్పేష్ ట్రాక్టరుతో ఊళ్ళకు నీళ్ళ ట్యాంకు తోలేవాడు. "నాకు బుద్ధి తెలిసినప్పట్నుంచీ అంతే. అడిగితే తోడు, తోడు అంటాడు" అని పడుకున్నాడు. అత్తను అడిగితే బయమ్మ నవ్వి, "కాపురం చెయ్యమ్మా, తెలుస్తాది" అంది. హేమలతకు ఒళ్ళు మండిపోయింది.

అంతలో బెల్లం నిండుకుంది. హిందూపురంలో బెల్లం కొనుక్కుని, దారిలో ఒక చుట్టం ఇంటి శుభకార్యం చూసుకుని వస్తామని అత్తామామలు బయలుదేరారు. బస్సెక్కేదాకా ముత్యాలప్ప వెనక్కి తిరిగి చెబుతూనే ఉన్నాడు. "పెద్ద కుండలోనే సంగటి చెయ్యమ్మా. మారెక్క ముద్ద చిన్నది చెయ్యొద్దు. తిడతాది గానీ తింటాది."

ఊరికి స్వాతంత్ర్యం ఇప్పించే అవకాశం దొరికిందని హేమలత సంబరపడింది. తిప్పేష్ చేత కదిరి నుంచి కస్టర్డు పొడి తెప్పించింది. పాలల్లో దండిగా చక్కెర పోసి పచ్చగా, చిక్కగా కాచి, కుండలో చల్లబెట్టింది. సంగటి పొయ్యి వెలిగించనే లేదు. మధ్యాహ్నం జనం చేరగానే నవ్వుతూ చెప్పింది. "ఈ పొద్దు మా మామ లేడు. మీకు సంగటి బాధ లేదు. నేరుగా తీపే!"

చప్పట్లు కొడతారనుకుంది. ఆంజినప్ప ఒకసారి వంటింటి వైపు చూశాడు. "బాధ లేదా" అన్నాడు మెల్లగా. మారెక్క గిన్నె తీసుకుని, అందులోకి చూసి, "ఏమి పాపా ఇది, పసుపు కలిపిన గంజా?" అంది. అయినా తాగింది. గిన్నె కింద పెట్టి లేచి వెళ్ళిపోయింది. మారెక్క ఎవరినీ తిట్టకుండా ఆ చప్పరం దాటడం అదే మొదలు.

మర్నాడు ఇద్దరో ముగ్గురో వచ్చి, తలుపులోంచి తొంగిచూసి, పనుందని వెళ్ళారు. ఆ మర్నాడు చప్పరం కింద ఒక కుక్క పడుకుని ఉంది. అంతే. కస్టర్డు బాగా లేదా? లేక మామ లేకపోతే వీళ్ళకు తోచదా? హేమలతకు కుదురు చిక్కలేదు. గిన్నెలో కస్టర్డు పోసుకుని, కొంగు తలమీద వేసుకుని, ఎండలోనే మారెక్క ఇంటికి పోయింది.

తలుపు ఓరగా ఉంది. పొయ్యిలో పిల్లి పడుకుని ఉంది. బూడిద చల్లారి ఎన్నాళ్ళయిందో, అది హాయిగా కాళ్ళు చాపుకుంది. మారెక్క మంచం మీద, పొట్ట మీద తడిగుడ్డ వేసుకుని, కళ్ళు మూసుకుని ఉంది. అడుగుల చప్పుడుకు దిగ్గున లేచి గుడ్డ పక్కన పడేసింది.

"ఇప్పుడే తిన్యా పాపా. బోకులు గూడా తోమేసినా."

గిన్నెలు తోమినట్టు లేవు. వాటి మీద దుమ్ము పేరుకుని ఉంది. "మారెక్కా, మా ఇంటికి రా. సంగటి చేస్తా" అనేసింది హేమలత.

మారెక్క ముఖం గట్టిపడింది. "ఏంటికి? నాకు గతిలేకనా?"

హేమలత గిన్నె అక్కడ పెట్టి తిరిగివచ్చింది. దారి పొడుగునా ఆమెకు తన మీద తనకే కోపం.

సాయంత్రం బెల్లం దిమ్మెలతో దిగిన ముత్యాలప్ప చప్పరం వైపు చూసి, "మారెక్క వచ్చిందా?" అని అడిగాడు. హేమలత ఏమీ దాచకుండా చెప్పేసింది. ఆయన కోప్పడలేదు. అరుగు మీద కూలబడి తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

బయమ్మే నోరు విప్పింది. "బువ్వకు రమ్మంటే ఈ ఊర్లో ఎవురొస్తారే పిల్లా? ఇంట్లో లేదని ఒప్పుకున్నట్ల గదా. తీపికి రమ్మంటే వస్తారు. తీపికి పోతే ఎవురికీ తక్కువ గాదు. ఈయన పిచ్చోడు, తినకపోతే వదలడు అని తిట్టుకుంట తింటారు. తిట్టుకుంట తినేకి సిగ్గుండదు."

"తిప్పేష్ పసోడుగా ఉన్నప్పటి కరువులో ఊరికే పిల్చి చూస్తిమమ్మా" అన్నాడు ముత్యాలప్ప. "ఒక్కరూ రాలేదు. అప్పుడు తోచింది ఈ పిచ్చి. మొదట్లో ఎండాకాలమే నటిద్దామనుకొంటి. మానేస్తే ఉపాయం బయటపడతాదని చలికాలం గూడా నటిస్తి. పెండ్లిండ్లకు పోయినా నటించల్ల గదా. ఇప్పుడు నిజంగానే అలవాటైపాయ."

హేమలతకు ఏడుపొచ్చింది. తాను విన్న సోమందేపల్లె ఓళిగల సంగతి గుర్తుకొచ్చి ఆ ఏడుపులోనే నవ్వూ వచ్చింది.

"తీపి ఉన్నా వాళ్ళు రాలేదంటే తిండికే వచ్చినారని అందరికీ తెలిసిపాయ" అన్నాడాయన. "ఇంగ మొహం చెల్లక రారు. ఆంజినప్పకు బెంగుళూరులో కొడుకన్నా ఉండాడు. మారెక్క ఎట్లమ్మా? వానలు పడేదాకా ఆ మనిషి ఎట్ల?" ఆ రాత్రి ఆయన తానే ముద్ద ముట్టలేదు.

తెల్లారి హేమలత ఎవరికీ చెప్పకుండా పెద్ద కుండలో ఎసరు పెట్టింది. పప్పూ అలసందలూ ఉడికించింది. మధ్యాహ్నం అయ్యేసరికి జుట్టు కాస్త చెదరగొట్టుకుని, కళ్ళు నలుపుకుని, మారెక్క గడపలో కూర్చుంది.

"మా మామ నన్ను పుట్టింటికి పొమ్మంటాండాడు మారెక్కా."

"ఏంటికే?"

"తిండి లేకుండా మీకు తీపి పెట్టినానంట. ఇంటి మర్యాద పోగొట్టినానంట. మీరంతా వచ్చి నా చేతి సంగటి ఆయన కండ్ల ముందర తింటే సరి. లేకుంటే సాయంత్రం బస్సుకు పంపిచ్చేస్తాడంట."

"ఎవురు, ముత్యాలన్నా? చేతులు కట్టుకొని తిరిగే మనిషి గదే!"

"పైకే అట్ల" అని హేమలత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మారెక్క లేచింది. గొర్రెల్ని తోలే కట్టె చేతికి తీసుకుంది. "ఎంత పొగరు! ఆంజినప్పా! ఒరే ఆంజినప్పా, బయటికి రా! కొత్త కోడలి ఉసురు పోసుకుంటాండాడు ఆ ముసిలోడు! పదండి, అందరం పోయి తిని చూపిద్దాం!" అని వీధి వీధంతా వినపడేట్టు కేకేసింది. న్యాయం కోసం పోవడానికి ఎవరికి మొహమాటం? ఒకదాని తర్వాత ఒకటి తలుపులు తెరుచుకున్నాయి.

చప్పరం కింద బెల్లం దిమ్మె పగలగొట్టుకుంటున్న ముత్యాలప్ప తలెత్తేసరికి ఊరు మీద పడింది.

"ఏమన్నా, ఆడపిల్లని బస్సెక్కిస్తావా? ఎయ్యి పాపా ముద్ద!" మారెక్క చతికిలబడింది. "ఇదో, తింటాండా! చూడు! ఇంగొకటి ఎయ్యి! పప్పు పొయ్యి! ఈ పిల్లని ఇంగొక మాటన్నావంటే మూడోది గూడా తింటా!"

ఆంజినప్ప అలసందలు గుప్పెళ్ళతో నోట్లో వేసుకుంటూ, ముత్యాలప్ప వైపు మీసం తిప్పాడు.

ముత్యాలప్ప బెల్లం దిమ్మె పక్కన పెట్టాడు. తానెప్పుడు కోడల్ని పొమ్మన్నాడో ఆయనకు ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. బయమ్మ కొంగులో మొహం దాచుకుని లోపలికి పరుగెత్తింది. హేమలత వడ్డిస్తూ వడ్డిస్తూ మామ వైపు ఒకసారి కన్నుగీటింది. అప్పటికి ఆయనకు సంగతి అందింది. కళ్ళద్దాలు తీసి, చాలాసేపు తుడుచుకున్నాడు.

చెయ్యి కడుక్కుంటూ మారెక్క తీర్పు చెప్పింది. "ఈ మనిషిని నమ్మేకి లేదు. వానలు పడేదాకా నేను రోజూ వస్తా. రోజూ తింటా. ఈ పిల్లని ఎట్ల చూసుకుంటాండాడో కనిపెట్టుకోనుండల్ల."

జనం వెళ్ళాక ముత్యాలప్ప కోడలి దగ్గరికి వచ్చాడు. "ఎంత మాట పుట్టిస్తివమ్మా నా మీద!"

"ఏం జేసేది మామా! ఇంగ రోజూ మధ్యాన్నం మారెక్క వినేటట్ల నన్ను తిట్టల్ల నువ్వు."

"నాకు రాదు గదమ్మా!"

"నేర్చుకో మామా. సంగటి నేను చూసుకుంటా."

మర్నాడు పొద్దున్నుంచీ ఆయన పెరట్లో తిట్లు సాధన చేశాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. వీధిలో మారెక్క కట్టె చప్పుడు వినిపించింది. హేమలత లోపలి నుంచి సైగ చేసింది. ముత్యాలప్ప గొంతు సవరించుకుని, పప్పు వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని, ఊరంతా దద్దరిల్లేట్టు అరిచాడు.

"ఏమే పిల్లా! ఏం పప్పే ఇది! ఉప్పు... ఉప్పు చూడు... సరిగ్గా ఉండాది!"

"మల్ల మొదలుపెట్టినావా అన్నా!" అంటూ మారెక్క పరుగున వచ్చి పళ్ళెం ముందు కూర్చుంది.